చలి తగ్గితే రెయిన్‌డీర్లకు మేలేనా?
భూమి వేడెక్కి చలి తగ్గితే మేత పెరుగుతుంది, రెయిన్‌డీర్లు (మంచు ప్రాంతాల జింకలు) కాసే ఉత్తర ఐరోపాలోని సామీ తెగవాళ్లకు ఇక మంచిరోజులే అని ఒక వ్యాసంలో రాశారు, అక్కడే నాకు పేచీ. వేసవి గడ్డి వరకు సరే. అసలు గండం చలికాలంలో. అప్పుడు వాటికి ప్రధానమైన మేత లైకెన్ (మనం బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఓ రకం లైకెనే). మంచు మెత్తగా ఉంటే రెయిన్‌డీర్ కింద ఉన్న లైకెన్‌ను వాసన పట్టి, ముందుకాలి గిట్టతో గొయ్యి తవ్వుకుని తింటుంది. నడి చలికాలంలో వాన పడిందా, ఇక అంతే సంగతులు. ఆ నీళ్లు గడ్డకట్టి మేత మీద మూత బిగుసుకుంటుంది. నేను స్వీడన్‌లోని ఉమియోలో చదువుకునేటప్పుడు అలాంటి వాన పడిన మర్నాడు బూట్లకు ఇనుప ముళ్లు తగిలించుకోనిదే గుమ్మం దాటేవాళ్లం కాదు. మడమతో తన్నినా ఆ మంచు పెచ్చు కూడా ఊడేది కాదు, ఇక గిట్టతో ఏం తవ్వుతుంది పాపం? రష్యాలోని యమాల్‌లో 2013 నవంబరులో ఇలాగే జరిగి నెనెట్స్ తెగ కాపరుల రెయిన్‌డీర్లు సుమారు 61,000 ఆకలితో చచ్చిపోయాయి. మేత కొని పెట్టొచ్చు కదా అంటారేమో. పెడుతున్నారు. ఖర్చు సంగతి అటుంచితే, మందను ఒక్కచోట ఉంచి మేపితే కంటి జబ్బులు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటున్నాయి. ఇలాంటి ఏళ్లలో పాత అడవుల్లో కొమ్మలకు వేలాడే లైకెన్ ఆదుకునేది. కలప కోసం ఆ చెట్లు కొట్టేస్తున్నారు, కొత్తగా నాటిన చెట్ల మీద అది పట్టాలంటే దశాబ్దాలు కావాలి. వ్యాసంలో ఆ నరికివేత ఊసే లేదు.