పోసిన చేతికి పూచీ లేదా?

సంక్రాంతి ముందు అమెరికా నుంచి శంషాబాద్‌లో దిగే మనవాళ్లు సామాను బెల్టు కంటే ముందు డ్యూటీ ఫ్రీ షాపు దగ్గర కనిపిస్తారు. మనిషికి రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు కాబట్టి భార్యాభర్తలిద్దరి లెక్కా కలిపి నాలుగు లీటర్లు. బావగారికో బాటిల్, చిన్నప్పటి క్లాస్‌మేట్లకో బాటిల్, మిగిలింది భోగి రాత్రి మేడ మీద సిట్టింగుకి. తాగడం తప్పని చెప్పడానికి ఇది రాయడం లేదు. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టినప్పుడు కూడా యానాం పుదుచ్చేరి కిందికొస్తుంది కాబట్టి అక్కడ షాపులు తెరిచే ఉండేవి. కోనసీమవాళ్లకి ఆ దారి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నా గొడవల్లా ఒక్కటే. ఆ మేడ మీంచి దిగినవాళ్లు ఇళ్లకి ఎలా వెళ్తున్నారు? ఆ సంగతి చూడాల్సింది ముందు పోలీసులు కాదు, మనం. గ్లాసులో పోసింది మనం కాబట్టి.

ఇక్కడ అమెరికాలో మనం ఎంత బుద్ధిమంతులమో చూడండి. శనివారం ఎవరింట్లోనైనా పార్టీ అంటే తిరిగొచ్చేటప్పుడు స్టీరింగ్ ఎవరిదో బయల్దేరకముందే తేలిపోతుంది. సాధారణంగా ఆడవాళ్లదే. వాళ్లకీ ఓ గ్లాసు వైన్ తాగాలని ఉంటుందేమో ఎవరూ అడగరు, అది వేరే వ్యాసం. లేదంటే ఊబర్. డీయూఐ కింద, అంటే తాగి బండి నడిపిన కేసులో, ఒక్కసారి అరెస్టయితే వీసా రద్దయ్యే ప్రమాదం ఉందని హెచ్‌1బీ మీద ఉన్న ప్రతివాడికీ తెలుసు. మన క్రమశిక్షణలో సగం ఆ భయమే. న్యూజెర్సీలో అయితే ఇంటి యజమానికి కూడా భయం ఉంది. అతిథికి మత్తెక్కిందని కనిపిస్తున్నా, అతను బండి నడుపుతాడని తెలిసీ ఇంకా పోస్తే, దారిలో అతను గుద్దినవాళ్లకి నష్టపరిహారం కట్టే బాధ్యత పోసినాయనకీ ఉంటుందని అక్కడి సుప్రీంకోర్టు 1984లోనే తీర్పు చెప్పింది. అన్ని రాష్ట్రాల్లోనూ ఇలా లేదు గానీ మన తెలుగువాళ్లు గుంపులుగా ఉండే చోట ఉంది.

అదే మనిషి రావులపాలెం దాటేసరికి ఇదంతా మర్చిపోతాడు. 'ఏం పర్లేదు, మనోడు ఎంత తాగినా బండి పక్కాగా తోలతాడు' అని గేటు దాకా వచ్చి సాగనంపుతాడు.

గోదావరి డెల్టాలో రోడ్ల సంగతి ఇక్కడి పిల్లలకి తెలియకపోవచ్చు, మనకి తెలియదా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు వచ్చాయి. ఆ కాలవల గట్ల మీదే చాలా ఊళ్లకి ఇప్పటికీ రోడ్డు. గట్టు ఎంత వెడల్పో రోడ్డూ అంతే. ఓ పక్క కాలవ, ఇంకో పక్క చేలోకి దిగుడు. కాలవ ఎక్కడ మలుపు తిరిగితే రోడ్డూ అక్కడే తిరుగుతుంది. రక్షణ గోడ లేని మలుపులు బోలెడు. వేసవిలో కాలవలు కట్టేస్తారు గానీ సంక్రాంతికి దాళ్వా, అంటే రెండో పంట వరికి వదిలిన నీళ్లతో నిండుగా ఉంటాయి. పైగా మంచు. అర్ధరాత్రి దాటాక హైబీమ్ వేస్తే ముందు తెల్లటి తెర తప్ప రోడ్డు కనిపించదు. తాగనివాడే అద్దం దించి, తల బయటపెట్టి, తారు అంచు చూసుకుంటూ ఇరవైలో పోతాడు. తాగినవాడికి ముందుగా పోయేది ఆ జాగ్రత్తే. దూరం, వేగం లెక్క తప్పుతాయి, బ్రేకు మీదికి కాలు ఆలస్యంగా వెళ్తుంది, అయినా తను బాగానే ఉన్నానన్న ధైర్యం మాత్రం పెరుగుతుంది. కారు కాలవలో పడితే బయట నీళ్ల ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. అద్దం దించుకుని బయటపడాలంటే చేతిలో ఉండేది కొద్ది సెకన్లే. బెల్టు బటన్ కోసం తడుముకునే స్థితిలో ఉన్నవాడికి ఆ సెకన్లు సరిపోతాయా?

కాలవలో పడితే పోయేది తాగినవాళ్లే అనుకుంటే అదీ పొరపాటే. కనుమ వెళ్లిన మర్నాడు తెల్లవారుజామున ఆ గట్టు మీద ఎవరుంటారో గుర్తు చేసుకోండి. దాళ్వా ఊడ్పులకి వెళ్లే ఆడకూలీల ఆటో. డ్రైవర్‌కి అటొకరు, ఇటొకరు, వెనక ఒకరి ఒళ్లో ఒకరు, చేతుల్లో స్టీలు క్యారేజీలు, చలికి తలకి చుట్టుకున్న తువ్వాళ్లు. రొయ్యల షెడ్లకి మొదటి షిఫ్టుకి పోయే ఆడపిల్లలు. వెనక లైటు లేని సైకిల్ మీద పాల క్యాన్లు కట్టుకుని ఒకాయన. వీళ్లెవరూ రాత్రి మన మేడ ఎక్కలేదు. మన బాటిల్ ఏ బ్రాండో కూడా వీళ్లకి తెలియదు.

'రాత్రి తాగి, పడుకుని లేచాం కదా' అనేవాళ్లుంటారు. లెక్క చూద్దాం. మన దేశంలో బండి నడిపేవాడికి పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. అమెరికాలో 80, ఒక్క ఉటాలో 50. అంటే ఈ విషయంలో మన ఊరి చట్టమే గట్టిది. ఇండియాలో విస్కీ 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో ఆ ఒక్కటి వేసుకుంటే రక్తంలో రమారమి 40కి చేరుతుంది. 'రెండు డ్రింకులకి ఏం కాదు' అనే న్యూజెర్సీ లెక్క పాలకొల్లులో మొదటి పెగ్గుకే ఫెయిల్. పైగా మేడ మీద పోసేది కొలత పెగ్గు కాదు, అభిమానం పెగ్గు. ఇక 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అంటే అమెరికా లెక్కలో నాలుగు డ్రింకుల పైమాటే. దాంతో 120 దాటొచ్చు. లివర్ గంటకి తగ్గించేది మామూలుగా ఓ 15. రాత్రి పన్నెండింటికి 120 ఉంటే పొద్దున్న ఐదింటికి ఇంకా 45 ఉంటుంది. మజ్జిగ, నిమ్మరసం, ఫిల్టర్ కాఫీ, చన్నీళ్ల స్నానం వీటిలో ఏదీ లివర్‌ని తొందరపెట్టలేదు. కాఫీ తాగితే మెలకువ వస్తుంది, అంతే. నిద్ర వదిలినంత మాత్రాన మత్తు వదిలినట్టు కాదు.

మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షన్ అందరికీ తెలిసిందే. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారికి 15,000, రెండేళ్లు. ఎవరికీ పట్టనిది దాని దగ్గర్లోనే ఉన్న 188వ సెక్షన్. తాగి నడపడానికి ప్రోత్సహించినవాడికి కూడా అదే శిక్ష అంటుంది. 'పోరా, పది నిమిషాల దారి, ఏమవుతుంది' అని తాళాలు చేతిలో పెట్టిన బావగారి మీద ఆ సెక్షన్ పెట్టారని నేనైతే వినలేదు. పండగ మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గరే చూసీ చూడనట్టు ఊరుకునేచోట దాన్ని ఎవరో అమలు చేస్తారని నేను ఎదురుచూడటం లేదు. కానీ చట్టం మన న్యాయానికి దగ్గరగానే ఉందని మాత్రం తెలుసుకుందాం.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది డ్రైవర్ కుర్రాడి సంగతి. 'మేమెవరం నడపం, కారుతో డ్రైవర్‌ని పెట్టుకున్నాం' అంటారు. మంచిదే. ఆ కుర్రాడు మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలో ఫోన్ చూసుకుంటూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటాడు. పైనుంచి ఎవరికో జాలి కలుగుతుంది. ఓ ప్లేటు కోడి పలావుతో పాటు గ్లాసూ కిందికి దిగుతుంది. 'ఒరేయ్, నువ్వూ ఓ నైంటీ వేసుకో, చలిగా ఉంది.' అమెరికా నుంచొచ్చిన పెద్దాయన ఇస్తుంటే వద్దండీ అంటే పొగరనుకుంటారు. తీసుకుంటే తెల్లారి ఏదైనా జరిగినప్పుడు కేసు అతని మీద, లైసెన్సు అతనిది, ఇంట్లో ఎదురుచూసే తల్లి అతనిది. మనకి రిటర్న్ టికెట్ ఉంటుంది. అతనికి కావాల్సింది తొమ్మిదింటికల్లా భోజనం, ఓ రెండు గంటలు నడుం వాల్చడానికి మంచం, ఆలస్యమైతే అడక్కుండానే పైడబ్బులు. బాటిల్ మీద పెట్టిన ఖర్చులో ఇదెంత?

ఎవరైనా ఉండిపోవాల్సి వస్తే అందుకు మన ఇళ్లకంటే అనువైనవి ఎక్కడున్నాయి? హాల్లో చాపలు, మేడ మీద గదులు, పెట్టెలో నాఫ్తలీన్ వాసనతో అరడజను దుప్పట్లు. కూర్చునే ముందే తాళాలన్నీ ఇంట్లో ఓ పెద్దావిడకి అప్పగిస్తే చాలు. నేనైతే మేనత్తకే ఇస్తాను. మగవాళ్లతో వాదించి గెలవొచ్చు గానీ మేనత్త కొంగుకి కట్టుకున్న తాళాలు ఎవరూ లాక్కోలేరు.

నలుగురిలో తాళాలు అడిగితే అల్లుడుగారు అలుగుతారేమో అని మా బంధువొకాయన ఫోన్లో అన్నాడు. అలగనివ్వండి. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి అల్లుడు అలగని ఇల్లెక్కడుంది? కిందటేడు బైక్ ఇవ్వలేదని, అంతకుముందు పీట సరిగ్గా వెయ్యలేదని అలిగారు. ఈసారి తాళాల కోసం అలుగుతారు. పొద్దున్న పెసరట్టు ఉప్మా వడ్డిస్తే దిగొచ్చేస్తారు. అప్పుడు కూడా తాళాలు మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాకే ఇవ్వండి.