వదిన టేపు, నా తాడు

పర్లాకిమిడిలో మా వదిన జాకెట్లు కుడుతుంది. కొట్టు మూసిన ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను షిబారి నేర్చుకుంటున్నానని నోరుజారాను. జపాన్ వాళ్లు ఒంటి మీద తాడుతో అల్లే కట్లు అవి. ఆ మాటకి అర్థమే కట్టడం. నేను కట్టుకునేది హార్నెస్, చొక్కా మీదనే: ఛాతీ చుట్టూ, భుజాల మీదుగా పట్టీల్లాగ తాడు.

వదిన: తాడు పశువుకి గాని మనిషికేటే?

నేను: కొండలెక్కేవాళ్లు కట్టుకోరా వదినా?

వదిన: వాళ్లు పడిపోకుండా కట్టుకుంటారు. నువ్వెక్కణ్ణుంచి పడిపోతున్నావు?

(దీనికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. కట్టుకున్నాక చెదిరిన ఒళ్లంతా ఒకచోటికి చేరినట్టుంటుంది. అంతే.)

వదిన: ఎవరు కనిపెట్టారిది?

నేను: జపాన్‌లో 1603 నుంచి 1868 దాకా నడిచిన 'ఎడో' అనే కాలంలో, పట్టుబడినవాళ్లని తాడుతో కట్టే విద్య ఉండేది. హోజోజుత్సు అంటారు.

వదిన: దొంగల్ని కట్టే తాడన్నమాట!

నేను: అప్పుడు తప్పించుకోకుండా కట్టేవారు. ఇప్పుడు ఇష్టపడ్డ పెద్దవాళ్లనే, అడిగి కట్టాలి. విప్పమంటే సగంలోనైనా విప్పాలి.

వదిన: సరేలే. ఈ ఫోటోలో పిల్లని చూడు, వెదురుబద్దలాగుంది. నాది నలభైనాలుగు ఛాతీ. ఇదే కట్టు నాకు కడితే పనసకాయకి తాడు చుట్టినట్టుంటాది. మనలాటోళ్లకి కాదిది.

నేను: నేనూ అలాగే అనుకున్నాను. మొదటిసారి ఎనిమిది మీటర్ల తాడు మడిచి, రొమ్ము కింద రెండు చుట్లు, పైన రెండు చుట్లు తిప్పేసరికే అయిపోయింది. భుజాల మీదికి రాలేదు. గట్టిగా లాగి కట్టాను. కాసేపటికి ఊపిరాడలేదు.

వదిన: పిచ్చిదానా, గుడ్డ చాలకపోతే లాగి కుడతారేటి? అతుకేస్తారు గాని!

నేను: రెండో తాడు కలపాలని తర్వాతే తెలిసింది. ఒంటిని బట్టి కట్టు మారాలి వదినా, అదే నేననేది.

వదిన: నిలబడి కట్టుకున్నావా, కూర్చునా?

నేను: నిలబడి.

మెడలో టేపు తీసి నా రొమ్ము కింద చుట్టింది. గట్టిగా ఊపిరి పీల్చమంది. తర్వాత కూర్చోమంది. రెండంగుళాలు పెరిగింది.

వదిన: చూసినావా? కూర్చోబోతే కూర్చునే కట్టుకోవాలి, ఊపిరి నిండా పీల్చి. ఆ చుట్లు ఒకదాని మీదొకటి ఎక్కితే కోసేస్తాది. పక్కపక్కన పరుచుకోవాలి, నడుం పట్టీ వెడల్పుగా వేసినట్టు. చంకలోకి అసలు పోనీకు. జాకెట్టైనా అక్కడే పట్టేస్తాది.

(వాదన తనే గెలుస్తోందో నన్ను గెలిపిస్తోందో ఆమెకి పట్టలేదు.)

వదిన: అయినా నార గీరుకోదా?

నేను: ఆరు మిల్లీమీటర్ల జనపనార తాడు. మంట మీద ఆడించి పీచు కాల్చి, కాస్త నూనె రాస్తే మెత్తబడుతుంది. కట్టు కింద రెండు వేళ్లు దూరాలి.

వదిన: చెయ్యి పడిపోతే?

నేను: చేతులు కట్టనే కట్టను. చేతులు వెనక్కి విరిచి కట్టే పద్ధతిలో మోచేతికి పైన బయటివైపు నరం నలిగితే మణికట్టు వాలిపోతుందట, కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. మెడ జోలికీ పోను, వేలాడను. తిమ్మిరి మొదలైతే వెంటనే విప్పేస్తాను.

వదిన: ముడి రాకపోతే?

నేను: పక్కనే కత్తెర ఉంటుంది.

వదిన: ఏ కత్తెర?

(నేను మాట్లాడలేదు.)

వదిన: నా కత్తెరేనా! మొన్న జార్జెట్టు నమిలేస్తోందేటా అనుకున్నాను. తాళ్లు కట్టుకో, ఏటైనా చేసుకో. నా గుడ్డ కత్తెర ముట్టుకున్నావంటే చూడు!