హైదరాబాదు హారం వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లండన్ వాస్తవ్యులు హైదరాబాదు వజ్రాల హారం వారి దివ్యసముఖానికి,

మొన్న ఆదివారం మా ఊళ్లోని ఒక ప్రదర్శనశాలలో నిజాం నగలు చూపిస్తారన్న ప్రకటన నమ్మి, మేనకోడలిని వెంటబెట్టుకుని రెండు గంటలు ఎండలో వరుసలో నిలబడ్డాను. తీరా లోపల ఉన్నవి నగల ఫొటోలు. 2014లో బ్రిటన్ రాకుమారుడు విలియం భార్య కేట్ మిడిల్టన్ మెడలో తమరు వెలిగిపోతున్న ఫొటో కూడా వాటిలో ఉంది. "ఇది మనదేనా మామా?" అని పిల్ల అడిగింది. జవాబు తమరినే అడగడం మర్యాద అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

తమరి పేరులో హైదరాబాదు ఉన్నమాట నిజమే గానీ, తమరిని తయారుచేసింది ఫ్రాన్సు నగల కంపెనీ కార్టియర్ వారు. 1947 నవంబరు 20న జరిగిన, తర్వాత బ్రిటన్ రాణి అయిన ఎలిజబెత్ రాకుమారి పెళ్లికి ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తానుగా నగ ఎంచి పంపలేదు. లండన్‌లోని కార్టియర్ దుకాణంలో నచ్చినది ఏరుకోమని పెళ్లికూతురికే చెప్పించారు. ఆమె తమరినీ, గులాబీల కిరీటాన్నీ ఏరుకున్నారు. జేకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్న ప్రభువును పిసినారి అన్నవాళ్ల నోళ్లు ఆ రోజు మూతపడి ఉంటాయి. అదే పెళ్లికి గాంధీగారు తాను వడికిన నూలుతో చేయించిన గుడ్డను పంపితే, పెళ్లికూతురి నానమ్మ మేరీ రాణిగారు దాన్ని గోచీగుడ్డ అనుకున్నారట. ఆ ముచ్చట ఇంకోసారి.

ఏరుకోవడం అన్న మాట దగ్గరే నాకు గొంతు పట్టేస్తుంది. మా నానమ్మకు తెలిసిన ఏరుకోవడం ఒక్కటే: కోతలయ్యాక దొర పొలంలో పరిగె ఏరుకోవడం. ఆ నవంబరులో నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో వెట్టి చేయలేక, సర్కారుకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన లెవీ ధాన్యం కొలవలేక జనం తిరగబడి ఉన్నారు. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. ఆ నేల పంటతో, సర్ఫేఖాస్ అనే నిజాం సొంత భూముల రైతుల శిస్తుతో నిండిన ఖజానా, ఏడు సముద్రాల అవతలి పిల్లతో "నీకు నచ్చింది తీసుకో తల్లీ" అన్నది. ఆ మాట మా నానమ్మతో ఎవరన్నారు? నువ్వే చెప్పు, ఎవరన్నారు?

పోనీ ఇచ్చిపుచ్చుకోవడం అని సరిపెట్టుకుందామంటే, ఇచ్చింది ఇక్కడివాళ్లు, పుచ్చుకున్నది అక్కడివాళ్లు. బ్రిటిషు ప్రభుత్వపు విశ్వాసపాత్ర మిత్రుడన్న బిరుదు మోసిన ప్రభువు, హైదరాబాదుకు బ్రిటిషు కామన్వెల్తులో విడి రాజ్యంగా డొమినియన్ హోదా అడిగితే అదీ ఇవ్వలేదు. నీతోపాటు వెళ్లిన కిరీటాన్ని 1973లో విప్పించి, దాని వజ్రాలను బర్మా కెంపుల కిరీటంలో పొదిగించుకున్నారు. నిన్ను మాత్రం అలా విప్పించలేదు.

ఇంటికి వచ్చాక, ఫోనులో తీసుకున్న నీ ఫొటోను పిల్ల పెద్దది చేసి చూపించింది. బాగున్నావు, కాదనను.

ఇట్లు,
పరిగె ఏరుకున్నామె మనవడు