మెడతో వాయించిన గిటార్

ముందే చెప్పేస్తున్నా. ఇది జరిగింది నిన్న సాయంత్రమే, మెడ ఇంకా పట్టేసే ఉంది, కాబట్టి మధ్యలో ఎవరి మీదైనా కాస్త కారాలు మిరియాలు నూరితే సర్దుకుపోండి.

నాకు నలభై దాటాయి. ఈ వయసులో ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకోవాలని ఎందుకు పుట్టిందని అడగకండి. మా ఆవిడ అడిగింది, చెప్పలేకపోయాను. "జిమ్ముకి కట్టిన డబ్బులే ఇంకా అరగలేదు కదండీ" అని ఊరుకుంది. మూడు నెలలు కూర్చుని వీడియోలు చూశాను. వాయించడం నేర్పేవి కాదు, ఏది కొనాలో చెప్పేవి. సింగిల్ కాయిల్ పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికని కరెంటుగా మార్చేది) అయితే జుయ్యిమంటుందని, హంబకర్ అయితే రెండు కాయిల్స్‌ని పక్కపక్కనే పెట్టి, ఒకదాన్ని తిరగేసి కలిపి, ఒకదాని గోలని రెండోదాని గోలతో కొట్టేయిస్తారని తెలుసుకున్నాను (మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ప్రెసిడెంటుకీ సెక్రటరీకీ ఇదే ఏర్పాటు, కాకపోతే అక్కడ గోల రెట్టింపవుతుంది). స్ట్రాటోకాస్టర్ అనే గిటార్‌లో తీగ పొడుగు 25.5 అంగుళాలు, లెస్ పాల్ అనే ఇంకోదానిలో 24.75. ఆ ముప్పావు అంగుళం గురించి జనం ఎంతలా కొట్టుకుంటారంటే, మా ఊళ్ళో గట్టు తగాదాలు నయం. అన్నిటికన్నా నచ్చిన విషయం ఏంటంటే, 1954లో ఆ స్ట్రాటోకాస్టర్‌ని తెచ్చిన లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదట. అది చదివిన రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

మా టీమ్‌లో కాలేజీ రోజుల్లో బ్యాండ్‌లో వాయించిన కుర్రాడొకడు ఉన్నాడు. వాడు ఒక్క ముక్కే చెప్పాడు. "అన్నా, ఏదైనా కొనుక్కో, ఫ్లాయిడ్ రోజ్ ఉన్నది మాత్రం ముట్టుకోకు." ఫ్లాయిడ్ రోజ్ అంటే పువ్వు కాదు, మనిషి పేరు. 1970ల చివర్లో ఆయన కనిపెట్టిన బ్రిడ్జి (తీగల కింది చివర్లని పట్టుకునే భాగం) అది. తీగల్ని రెండు చివర్లా బిగించేస్తారు, బ్రిడ్జి మాత్రం వెనక స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది, దానికో వంకర కడ్డీ. కడ్డీ నొక్కితే శ్రుతి దిగుతుంది, పైకి లాగితే ఎక్కుతుంది. ఈ పైకి లాగితే ఎక్కడం అన్నది గుర్తు పెట్టుకోండి, నాకు జన్మంతా గుర్తుంటుంది.

మారతహళ్ళి నుంచి శుక్రవారం సాయంత్రం బ్రిగేడ్ రోడ్డు వైపు ఎలా చేరానన్నది వేరే పురాణం, వదిలేద్దాం. ఆఫీసు నుంచి తిన్నగా వెళ్ళాను. అంటే మెడలో ఐడీ కార్డు టాగ్ అలాగే ఉంది, దాని పక్కనే పాటలు వినే నెక్‌బ్యాండ్ కూడా ఉంది.

షాపులోకి అడుగు పెట్టగానే సేల్స్ కుర్రాడు "మగనిగా సార్?" అన్నాడు. బెంగళూరొచ్చి పదకొండేళ్ళయింది, కన్నడంలో మగ అంటే కొడుకని తెలుసు, అయినా చెవికి ముందు మొగుడే వినిపిస్తాడు. కాదు, నాకే అన్నాను. ఆలోచిస్తే మా ఆవిడ మగనికే కాబట్టి అవునన్నా తప్పులేదు. వాడు నా జుట్టు కేసి ఒకసారి, పొట్ట కేసి ఒకసారి చూసి, ఆసుపత్రిలో అటెండర్ నవ్వినట్టు నవ్వాడు. ఆంప్‌తో, అంటే శబ్దం పెంచే పెట్టెతో, కలిపి ఇరవై ఐదు వేలు దాటకూడదని చెప్పాను. బుద్ధిగా తలూపి, ఒక్కటే ముప్పై నాలుగు వేలున్న దాన్ని గోడ మీంచి దింపాడు. నల్లగా, రెండు కొమ్ములతో, యముడి దున్నపోతు చిన్నప్పుడు ఇలాగే ఉండేదేమో. చూడగానే తెలిసిపోయింది, ఫ్లాయిడ్ రోజ్. వద్దు బాబూ అన్నాను. "చూడ్డానికి డబ్బులు లేవు సార్" అన్నాడు. స్టూలు మీద కూర్చోబెట్టాడు, ఒళ్ళో గిటార్ పెట్టాడు, వైరు గుచ్చాడు, వెనకున్న ఆంప్ ఆన్ చేశాడు, చేతిలో మీటడానికి పిక్ పెట్టాడు. ఇంతలో ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. నా ఫిర్యాదు అంతా ఇక్కడే ఉంది. గిటార్ మీద వాల్యూమ్ సున్నాలో ఉంది. ఆ సంగతి వాడికి తెలుసు, నాకు తెలీదు, వాడు బయట ఫోన్‌లో "ఊటా ఆయ్తా?" అంటున్నాడు. నాకిక్కడ జరగబోయేదానికి, వాళ్ళింట్లో ఎవరి భోజనమైతేనేం, కాకపోతేనేం?

మీటాను. టింగుమంది. కరెంటు లేని గిటార్ శబ్దం మీరు విన్నారో లేదో, రబ్బరు బ్యాండుని అగ్గిపెట్టెకి చుట్టి లాగినట్టుంటుంది. గట్టిగా మీటాను. టింగు. ఇక నాలోని ఇంజినీరు లేచాడు. వైరు చూశాను, సరిగ్గానే ఉంది. ఆంప్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. తప్పెక్కడుందో తెలియనప్పుడు మా వృత్తిలో ఏం చేస్తాం, ఉన్నవన్నీ పెంచేస్తాం. ఆంప్ నాబులన్నీ కుడి వైపుకి తిప్పేశాను. గెయిన్ అని రాసి ఉన్నదాన్ని కూడా, గెయిన్ అంటే లాభమే కదా అని. అయినా టింగే. సరే, లోపం గిటార్‌లోనే ఉందని తేల్చి, వంగి దగ్గరగా చూశాను.

వంగడంతో టాగ్ ముందుకి వేలాడింది. దాని కొసన ఉక్కు కొక్కెం. తీగల కింద పికప్. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన రాగి తీగ, మూడు నెలల చదువులో ఇదీ ఉంది. కొక్కెం పోయి దానికి టక్కున అతుక్కుంది. అబ్బో, అయస్కాంతం పనిచేస్తోంది అనుకుని సంతోషించాను కూడా. ఆ సంతోషంలోనే మొదటి నాబు తిప్పాను.

అది వాల్యూమ్.

ఆ శబ్దాన్ని ఎలా రాయాలో తెలియడం లేదు. ముందు ఢామ్మంది, ఉలిక్కిపడి తలెత్తాను, కొక్కెం ఊడింది కానీ టాగ్ రిబ్బను పోయి ఆ వంకర కడ్డీకి తగులుకుంది. తల పైకి లేచింది, కడ్డీ పైకి లేచింది, శ్రుతి కూడా లేచింది. కీఈఈఈ అంటూ. భయపడి తల దించాను. ఊఊఊ అంటూ దిగింది. చిన్నప్పుడు మా ఊళ్ళో రైసు మిల్లు కూత కూడా ఇలాగే లేచి దిగేది, కానీ దాని తాడు నా మెడకి ఉండేది కాదు. విడిపించుకుందామని మళ్ళీ లేచాను. కీఈఈఈ. గిటార్‌కి పట్టీ లేదు, ఎడమ చేయి వదిలితే ముప్పై నాలుగు వేలు నేల మీద పడతాయి. కుడి చేత్తో టాగ్ తల మీంచి తీద్దామంటే నెక్‌బ్యాండ్‌తో మెలిపడి, కళ్ళజోడుకి అడ్డం పడింది. రెండో నాబు తిప్పాను, అది టోన్, కూత ఆగలేదు కానీ ఎవరో దిండు అడ్డం పెట్టినట్టు మూలిగింది. స్విచ్ నొక్కాను, మూలుగు గొంతు మారింది. ఏ నాబు తిప్పి దీన్ని మొదలుపెట్టానో దాన్ని వెనక్కి తిప్పాలన్న ఆలోచన మాత్రం రాలేదు. పదహారేళ్ళుగా ప్రొడక్షన్ సర్వర్లు చూసుకునేవాడిని.

ఇక్కడ టాగ్ గురించి ఒక మాట చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. పాత టాగ్‌లకి మెడ వెనక చిన్న ప్లాస్టిక్ క్లిప్ ఉండేది, గట్టిగా లాగితే దానంతటదే ఊడేది. పోయినేడాది ఖర్చులు తగ్గించాలని మా కంపెనీ వాళ్ళు ఆ క్లిప్పు లేని టాగ్‌లు తెప్పించారు. మనిషికి ఎంత మిగిలిందో తెలీదు గానీ, రిబ్బను మాత్రం గేదెని కట్టినా తెగదు.

ఆ కూతలో నాకింకో విషయం గుర్తొచ్చింది, ఎందుకొచ్చిందో దేవుడికి తెలియాలి. ఆ కడ్డీని అందరూ ట్రెమలో అంటారు. అసలు ట్రెమలో అంటే శబ్దం పెరిగి తగ్గడం, శ్రుతి ఊగితే అది వైబ్రాటో. ఫెండర్ వాళ్ళు స్ట్రాటోకాస్టర్‌కి ఆ తప్పు పేరే పెట్టారు, లోకమంతా దాన్నే పట్టుకుని వేలాడుతోంది. నేనూ వేలాడుతున్నాను, నిజంగానే.

అప్పటికి షాపంతా ఆగిపోయింది. తబలా పరీక్షిస్తున్నాయన చెయ్యి గాల్లోనే ఉంది. ఇద్దరు కాలేజీ పిల్లలు ఫోన్లు పైకెత్తారు, వీడియో ఎక్కడ తేలుతుందో చూడాలి. ఇవతల ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె బేరం చేస్తున్న ఒక పెద్దావిడ, పక్కనున్న భర్తతో అచ్చ తెలుగులో, ఈ దేశంలో తెలుగు ఎవరికీ రాదన్న ధీమాతో అంది: "చూశారా, మెడతో గమకాలు తీస్తున్నాడు. ఇదొక బాణీ కాబోలు."

ఆయన పెదవి విరిచాడు. "మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌కి కరెంటు పెట్టి కర్ణాటక సంగీతం ఎంత హాయిగా వాయించాడు! ఇదేం ఖర్మ?"

నాది పాలకొల్లు పక్కనే. మా నాన్న ఇప్పటికీ ఆ మాండలిన్ మాట వస్తే కళ్ళు తుడుచుకుంటారు. ఆ ఒక్క మాటకి నా తల దానంతటదే వాలిపోయింది. ఊఊఊ.

చివరికి ఆవిడే లేచి వచ్చింది. నా వెనక్కి వెళ్ళి ఆంప్ స్విచ్ టప్పున కట్టేసింది. "స్విచ్ ఆపితే పోయేదానికి ఎందుకు నాయనా అంత అవస్థ" అంది. అలవాటుగా నా నోట్లోంచి "థాంక్సండీ" అని వచ్చేసింది.

"అయ్యో, తెలుగువాళ్ళా! ఏ ఊరు?"

"కడప" అన్నాను. కడప వాళ్ళు నన్ను క్షమించాలి, పశ్చిమ గోదావరి పరువు కాపాడే దారి ఇంకేదీ తోచలేదు.

"మా కోడలిదీ కడపేనయ్యా! కడపలో ఎక్కడ?"

అదృష్టం కొద్దీ సేల్స్ కుర్రాడు వచ్చాడు. వచ్చి సారీ అంటాడనుకుంటారేమో, అనలేదు. కడ్డీ నుంచి రిబ్బను తీశాడు, గిటార్‌ని లైటు కిందికి తీసుకెళ్ళాడు, పంటి డాక్టరు పుచ్చు వెతికినట్టు బొటనవేలు పాముకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాడు. వేలెడు పొడుగు గీత.

"స్క్రాచ్ సార్."

"ముందే ఉందేమో."

"పొద్దునే తుడిచాను సార్."

తర్వాత జరిగింది వివరంగా గుర్తులేదు. రోడ్డు మీదికి వచ్చేసరికి భుజాన నల్ల బ్యాగు, ఫోన్‌లో బ్యాంకు మెసేజు. ఆంప్ కొనడానికి డబ్బులు మిగల్లేదు.

ఈ ఉదయం శ్రుతి చేద్దామని కూర్చున్నాను. ఒక తీగ బిగిస్తే మిగతా అయిదూ వదులవుతున్నాయి, వాటిని సరిచేస్తే మొదటిది చెడుతోంది. స్ప్రింగులకీ తీగలకీ తూకం కుదరాలి కదా, ఉమ్మడి కుటుంబంలాగ ఒకరిని బుజ్జగిస్తే అయిదుగురు అలుగుతున్నారు. పైన బిగించిన నట్టు విప్పాలంటే అలెన్ కీ కావాలి, బ్యాగులో లేదు. షాపుకి ఫోన్ చేశాను. నిన్న సాయంత్రం నల్ల గిటార్ తీసుకున్నానండీ అంటున్నానో లేదో, "ఆఁ, టాగ్ సార్! చెప్పండి చెప్పండి" అన్నాడు. వెనకాల ఎవరో పగలబడి నవ్వడం వినిపించింది. డిస్‌ప్లే పీసుకి కీ రాదట. ఎస్పీ రోడ్డులో ఏ హార్డ్‌వేర్ కొట్లో అడిగినా 3 ఎంఎంది ఇస్తారట. ముప్పై నాలుగు వేలు గుంజుకున్నవాడు చెప్తున్నాడు, ముప్పై రూపాయలే సార్ అని.

ఇందాక మా ఆవిడ కాఫీ తెచ్చి, కాసేపు నిలబడి, గిటార్‌ని ఆ కొస నుంచి ఈ కొసకి చూసింది.

"కరెంటు గిటారన్నారు, ప్లగ్గేదండీ?"