సవరణ: ఎమ్మెల్యే గారు ఆరోగ్యశ్రీ వద్దనలేదు

పేదల ఆరోగ్య బీమాపై మన ఎమ్మెల్యే గారి మాటల గురించి మొన్న నేను పెట్టిన పోస్టును ‘ఆరోగ్యశ్రీ తీసేస్తారట’ అంటూ కొందరు షేర్ చేస్తున్నారు. ఆయన అన్నది అది కాదు. ఈ పథకంలోకి బీమా కంపెనీ వచ్చినా పేదవాడు ఆస్పత్రిలో ఎవరి ముందూ చెయ్యి చాచే పరిస్థితి రాకూడదన్నారు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీయే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ ఆమోదించిన కొత్త పద్ధతి ప్రకారం కుటుంబానికి ఏడాదికి 2.5 లక్షల దాకా బీమా కంపెనీ భరిస్తుంది. ఆపైన 25 లక్షల వరకు ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు చూసుకుంటుంది. ‘బీమా 2.5 లక్షలే’ అన్న ముక్క ఒక్కటే పట్టుకుని పుత్తూరు, పలమనేరు వైపు పెద్దవాళ్ళు టెన్షన్ పడుతున్నారు, అదే నా బాధ.

ఆయన గట్టిగా అడిగింది ఇంకొకటి. పథకం ప్రధానంగా అడ్మిట్ అయ్యే జబ్బులకే. మరి పీహెచ్‌సీలో (ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) స్టాకు అయిపోతే షుగర్, బీపీ మాత్రలు బయట కొనుక్కునే కూలీల సంగతేమిటి? తిరుపతి రుయా ప్రభుత్వాస్పత్రిలో రోగికి తోడుగా కూర్చున్న మనిషి కూలి కూడా పోతుంది కదా! ఇందులో నేను పూర్తిగా ఆయన పక్షమే.

అడ్మిట్ అయ్యేముందు ఆస్పత్రిలో ఈ పథకం వివరాలు చెప్పే ఆరోగ్యమిత్ర డెస్క్‌లో అడిగి, మీ జబ్బు పథకంలో ఉందో లేదో తెలుసుకోండి.