సూజీ సాల్మన్‌కి దండ వేయకండి

ఆలిస్ సీబోల్డ్ 2002లో రాసిన 'ది లవ్లీ బోన్స్' నవల గురించి ఎవరు రాసినా అదే వరస. చనిపోయి స్వర్గం నుంచి కథ చెప్పే సూజీ సాల్మన్ అమాయకురాలట, పైనుంచి అందరినీ చల్లగా చూసే దేవతట, పాపమట. చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. వీళ్ళు నవల చదివారా, ఫొటోకి దండేసి వచ్చేశారా?

చచ్చిపోయిన పిల్ల కథ చెబుతోందంటే పవిత్రంగా ఉండాలని మనమే అనేసుకుంటాం. సూజీకి ఆ బాధే లేదు. మొదట్లోనే తన ఇంటిపేరు చేప పేరని చెప్పి, వెంటనే 1973 డిసెంబర్ 6న తనను చంపేశారని, అప్పటికి పద్నాలుగేళ్ళని చెప్పేస్తుంది. ఏడుపు గొంతు కాదది. ఇక ఆమె స్వర్గం ఎలా ఉంటుందంటే, స్కూల్లో ఉయ్యాలలు, పాఠ్యపుస్తకాలకు బదులు ఫ్యాషన్ మ్యాగజైన్లు. ఆ వయసు పిల్ల ఇంకేం అడుగుతుంది?

"ఆ గోతిలోకి ఎందుకు దిగింది, అంత కుతూహలం దేనికి" అనేవాళ్ళు ఇంకో రకం. మొక్కజొన్న చేలో అడ్డదారిన ఇంటికొస్తుంటే, తర్వాత తనను చంపే హార్వీ ఆపి, తాను తవ్విన గోతిని చూడమంటాడు. చలిగా ఉంది, ఇంటికెళ్ళాలనే ఉంది. కానీ ఆయన పెద్దాయన, పక్కింటాయన, నాన్నతో ఎరువుల గురించి మాట్లాడిన మనిషి. దాంతో ఆగిపోయింది. అందులో కుతూహలం కన్నా మర్యాద పాలే ఎక్కువ. పెద్దవాళ్ళు పలకరిస్తే మొహం తిప్పుకోకూడదని పెన్సిల్వేనియాలో కూడా నేర్పుతారన్నమాట. లోపలికి దిగాక కాస్త ముచ్చటపడ్డ సంగతి కూడా తనే దాచకుండా చెబుతుంది.

నాకు మాత్రం ఈ పిల్ల పూర్తిగా దొరికింది కెమెరా దగ్గర. పెద్దయ్యాక అడవి జంతువుల ఫొటోలు తీయాలని కోరిక. పుట్టినరోజుకి ఇచ్చిన ఇన్‌స్టామాటిక్‌తో ఇంట్లోవాళ్ళ మీద పడి రీళ్ళు ఖాళీ చేస్తుంటుంది. ఒక పొద్దున ఇంకా ఎవరూ లేవకముందు వాళ్ళమ్మ ఒక్కతే కనిపిస్తుంది, మేకప్ లేకుండా, ఏదో ఆలోచనలో. సూజీ క్లిక్ మనిపిస్తుంది. ఆవిడ తిరిగి చూసేసరికి మళ్ళీ అమ్మ మొహం వచ్చేస్తుంది. పిల్లల తల్లి కాకుండా అబిగైల్ అనే ఇంకో మనిషి ఆ ఇంట్లో ఉందని ఇలా పసిగట్టింది. తర్వాత అబిగైల్ ఇల్లు వదిలి కాలిఫోర్నియా వెళ్ళిపోతే పాఠకులు తిట్టుకుంటారు గానీ, ఆ ఫొటో గుర్తున్నవాళ్ళు అంత తేలిగ్గా తిట్టలేరు. చచ్చాక సూజీ చేసేదీ ఈ పనే, చాటుగా చూడటం.

అలా చూసేటప్పుడు కుళ్ళు కూడా ఉంటుంది. చెల్లెలు లిండ్సీకి శామ్యూల్ ముద్దు పెడితే సంబరపడిపోతుంది. తర్వాత వాళ్ళు ఇంకా దగ్గరైనప్పుడూ చూపు తిప్పుకోదు. చెల్లికి ప్రేమతో దొరికింది తనకు హింసగా జరిగింది. ఆ పోలిక తెచ్చేది కూడా తనే. ఏడాది చిన్నది తనను దాటి పెద్దదైపోతుంటే ఏ అక్క మాత్రం ఊరుకుంటుంది?

గడుసుతనానికీ లోటు లేదు. దొరక్కుండా హత్య చేయడం ఎలా అని స్వర్గంలో ఒక ఆట ఆడతారు. సూజీ ఎప్పుడూ చూరుకి వేలాడే మంచు ఊచనే ఎంచుకుంటుంది, తర్వాత కరిగిపోతుంది కదా అని. చివరికి హార్వీ చావుకి కారణమయ్యేదీ అలాంటిదే. తన పనేనా కాదా అన్నది చెప్పదు.

అందరూ విసుక్కునే ఘట్టం, తన స్కూల్లో చదివిన రూత్ ఒంట్లోకి సూజీ దిగి భూమ్మీదికి రావడం. శవం ఎక్కడుందో చెప్పొచ్చు, హంతకుణ్ణి పట్టించొచ్చు. అవన్నీ వదిలేసి, బతికుండగా తనకు ముద్దు పెట్టిన రే సింగ్ దగ్గరకు పోతుంది. నాకిది బాగా నచ్చింది. కేసు పోలీసులది, పగ నాన్నది, ఒక్క ముద్దుతో ఆగిపోయిన కథ తనది. కాకపోతే రూత్ శరీరంతో అంత దూరం వెళ్ళడం మాత్రం మింగుడుపడదు. ఆ అమ్మాయిని ముందుగా ఎవరడిగారు? సూజీ తనకు కావాల్సింది తీసేసుకుంది సరే, ఆ వయసుకి అంతే తెలుసు. కానీ రచయిత్రి కూడా అంత సులువుగా దాటేస్తే ఎలా?