వెలిగితే కంప్లైంటేందిరా?

మా మామయ్య కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. లైట్ల విషయంలో ఆయనకో సిద్ధాంతం ఉంది. "లైటు వెలక్కపోతే కంప్లైంటు. వెలిగితే కంప్లైంటేందిరా?" అంటాడు. సర్వీసంతా దీని మీదే లాక్కొచ్చిన మనిషి, రిటైర్మెంటు డబ్బులతో కారు కొన్నంత మాత్రాన మార్చుకుంటాడా?

ఆ కారులో స్పీడు ముల్లు కింద ఓ రోజు పసుప్పచ్చ బొమ్మ వెలిగింది. అడుగున పళ్లున్న గిన్నె, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం. టైర్లలో గాలి తగ్గిందని చెప్పడానికి పెట్టిన బొమ్మ అది. టైరును అడ్డంగా కోసి చూస్తే అట్లా ఉంటుందని గీసినవాళ్ల ఉద్దేశం. మా అత్తకు మాత్రం చేపల పులుసు దాకలాగా కనిపించింది. "ఏందో అడుగంటతాందని జెప్తాంది చూడయ్యా" అంది. ఇంజినీరింగు చదివే మా పిన్ని కొడుకు ఇంజన్ ఆయిలన్నాడు. పక్కింటాయన ఏసీ గ్యాసన్నాడు. నెల్లూర్లో సలహాలకు కరువా! మాగుంట లేఔట్ నుంచి వేదాయపాళెం దాకా ఎవరినడిగినా ఒకటి చెప్తారు, పక్కనున్నాయన దాన్ని కొట్టిపారేస్తాడు. కారుతోపాటు ఇచ్చిన పుస్తకం మాత్రం కవరు కూడా చించకుండా డాష్‌బోర్డు అరలో, వాహన పూజనాటి ఎండు నిమ్మకాయ పక్కన భద్రంగా ఉంది.

మందు మామయ్యే కనిపెట్టాడు. స్టీరింగుకు కుడి పక్కన, మోకాలి దగ్గర, అదే బొమ్మతో ఒక బటన్ ఉంది. నొక్కి పట్టుకుంటే లైటు టపటపా కొట్టుకుని ఆరిపోయింది. ఆరోజు ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, "మెకానిక్ దగ్గరికి పోయుంటే వెయ్యి గుంజేవాడు" అన్నాడు. ఆ తర్వాత లైటు ఎప్పుడు వెలిగినా అదే వైద్యం.

ఆ బటన్ సంగతి కాస్త చెప్పాలి. కొన్ని కార్లలో ప్రతి చక్రం లోపలా ఒక సెన్సరు ఉండి, ఎందులో ఎంత గాలుందో అంకె చూపిస్తుంది. మామయ్య కారుకు అంత వైభోగం లేదు. ఏబీఎస్ బ్రేకుల కోసం చక్రాల వేగం కనిపెట్టే సెన్సర్లు ఎటూ ఉంటాయి గనక, వాటితోనే పని కానిస్తుంది. గాలి తగ్గిన చక్రం కొద్దిగా కుంగుతుంది. కుంగితే అదే దూరానికి మిగతావాటికన్నా ఎక్కువ చుట్లు తిరగాలి. ఆ తేడా పట్టుకుని లైటేస్తుంది. టైర్లన్నిట్లో సరిగ్గా గాలి కొట్టించాక "ఇదీ లెక్క, ఇక దీన్ని బట్టి చూసుకో" అని కారుకు చెప్పడానికే ఆ బటన్. గాలి కొట్టించకుండా నొక్కితే? ఆ ఉన్న గాలే సరైన లెక్కని కారు నమ్మేస్తుంది. మామయ్య సంతకం పెడుతూ పోయాడు, కారు ఫైలు మూస్తూ పోయింది.

ఇట్లా ఉండగా ఒంగోల్లో పెళ్లి వచ్చింది. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. ముందు మామయ్యా నేనూ. వెనక అత్త, పిన్ని, వాళ్ల ఇంజినీరు. డిక్కీలో సూటుకేసులు, మామిడికాయల బుట్ట, పెళ్లివారికి మలై కాజా పెట్టెలు. పెన్నా దాటి హైవే ఎక్కాక, కావలి ఇంకా రాకుండానే లైటు వెలిగింది. మామయ్య బండి పక్కకాపి, నొక్కి, బయల్దేరాడు.

"ఏమయ్యా, బండి ఎడం పక్కకు గుంజతాంది" అంది అత్త.

"రోడ్డు వాలుండాది."

కొంచెం దూరం పోయేసరికి మళ్లీ వెలిగింది. మామయ్య ముఖంలో మొదటిసారి రంగు మారింది. ముందు ఓ పెట్రోలు బంకులోకి తిప్పాడు. బంకులో గాలి ఉచితంగా కొట్టాలన్నది రూలు. రూలుంది, మిషనుంది, గాలి కొట్టే మనిషి మాత్రం భోజనానికి పోయున్నాడు. టైము చూస్తే పొద్దున తొమ్మిదిన్నర.

కావలి దగ్గర వేపచెట్టు కింద పంచర్ షాపు దొరికింది. షాపతను లుంగీ ఎగ్గట్టి, ఎడమ ముందు టైరుకు మీటరు పెట్టి, మీటరు వంకా మామయ్య వంకా చూశాడు. "17 ఉండాది సార్. నెల్లూరు నించి దీని మీదే వస్తాండారా?" మిగతా మూడూ చూస్తే 24, 23, 25. డిక్కీలో కాజా పెట్టెలు దించి స్టెప్నీ చూస్తే 9. స్టెప్నీకి లైటు కూడా లేదు పాపం, ఎవరితో చెప్పుకుంటుంది?

మూతకు చిల్లులు పొడిచిన సీసాలో సబ్బు నీళ్లున్నాయి. అవి చల్లుతూ చక్రాన్ని మెల్లగా తిప్పాడు. ఒకచోట నురగ పొంగి బుడగలు చిట్లుతున్నాయి. అక్కడ అరిగి తళతళలాడుతున్న స్క్రూ తల. పట్టకారుతో లాగితే బుస్సుమంది. ఆ కన్నంలో ముళ్ల చువ్వ దూర్చి రాకాడు, జిగురు పూసిన దారాన్ని సూదికెక్కించి గుచ్చి లాగాడు, పైకి మిగిలిన కొసలు బ్లేడుతో కోశాడు. మామయ్య ఆ స్క్రూను అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు. "చూడండి, ఇదీ అసలు దొంగ. బటన్ తప్పేం లేదు."

"మిగతా మూడు టైర్లకు స్క్రూలు లేవు గదా మామా" అన్నాను. ఆయన వేపచెట్టు చూశాడు.

ఇక ఎంత కొట్టాలన్న దగ్గర అసలు సభ మొదలైంది. టీ తాగుతున్న ఒకాయన, "ఎండాకాలం గాలి ఉబ్బుతాది, 28 మించితే టైరు పేల్తాది" అన్నాడు. లారీ దిగొచ్చిన డ్రైవరు, "అయిదుగురుండారు, 40 కొట్టు" అన్నాడు. ఇంజినీరు ఫోన్లో వెతుకుతున్నాడు. మామయ్య కళ్లద్దాలు తుడుచుకుని టైరు పక్కన గొంతుక్కూర్చుని, రబ్బరు మీద అచ్చుపోసిన అక్షరాలు చదివి విజయగర్వంతో లేచాడు. "51! కంపెనీవాడే రాశాడు, కొట్టవయ్యా!"

"అది టైరు ఓర్చుకునే ఆఖరి లెక్క సార్, మీ బండి లెక్క కాదు" అన్నాడు షాపతను. "అంత కొడితే టైరు మధ్యభాగమే రోడ్డుకు ఆనతాది. నడుమ అరిగిపోద్ది, బ్రేకూ సరిగ్గా పట్టదు."

టీ ఆయన 28 సిద్ధాంతం మన జిల్లాలో చాలామందికి వేదం. జరిగేది దానికి తలకిందులు. గాలి తక్కువైతేనే టైరు పక్కలు ప్రతి చుట్టుకూ నలిగి నలిగి కాగుతాయి, రెండంచులూ అరుగుతాయి, హైవే మీద పేలేవి ఎక్కువగా ఈ బాపతే. అమెరికాలో 2000లో చట్టం చేసి, 2008 మోడళ్లకల్లా కొత్త కార్లన్నిటికీ ఈ లైటు తప్పనిసరి చేశారు. గాలి పావు వంతు తగ్గితే వెలగాలని అక్కడి రూలు. 33 ఉండాల్సిన చోట పావు వంతు పోతే మిగిలేది 25 కూడా కాదు. అంటే లైటు వెలిగేనాటికే పని ముదిరి ఉంటుంది.

ఈ గొడవంతా జరుగుతుంటే అత్త ఎండకోర్వలేక డ్రైవరు తలుపు బార్లా తీసి దాని నీడన నిలబడింది. "ఏమయ్యా, ఈడేందో టైరు బొమ్మేసి అంకెలు రాసుండాయి" అంది. తలుపు మూస్తే మరుగున పడే స్తంభం మీద తెల్ల స్టిక్కరు. ఇద్దరు ముగ్గురుంటే అన్నిటికీ 33, నిండా జనం, సామాను ఉంటే వెనక 36. అందరం పోయి చదివాం. టీ గ్లాసుతో ఆయనా వచ్చి చదివాడు. మామయ్య ఆ స్టిక్కరు మూల గోటితో గీకి చూసి, "ఎప్పుడంటించారిది?" అన్నాడు.

"బండితోనే వచ్చింటాది సార్" అన్నాడు షాపతను, పాపం మర్యాదగా.

ఆ లెక్క చల్లని టైర్లకట. మూడు నాలుగు గంటలు నీడన నిలబడ్డ బండికి. ఎండలో పరిగెత్తినవి మూడు నాలుగు ఎక్కువే చూపిస్తాయి, అయిదారు డిగ్రీల వేడికి ఒక పాయింటు చొప్పున. మధ్యాహ్నం మీటరు చూసి "ఎక్కువైంది, తీసెయ్" అనేవాళ్లకు తెల్లారి లైటు వెలిగేది అందుకే. అతను ఆ వేడికి మూడు కలిపి కొట్టి, "రేపు పొద్దున బండి తియ్యకముందు ఒకసారి చూపించుకోండి" అన్నాడు. ఆఖర్న వేలికి ఉమ్మి తడి చేసుకుని ఒక్కో వాల్వు మీదా అద్ది, బుడగ రాలేదని చూసి, మూతలు బిగించాడు. పిన్ని అటు తిరిగింది.

మామయ్య సీట్లో కూర్చుని, ఈసారి హక్కుగా బటన్ నొక్కాడు. లైటారింది. కావలి నుంచి సింగరాయకొండ దాకా టైర్ల మీద ఒకటే ఉపన్యాసం. స్టిక్కరు చదవని జనం మీద కోపం కూడా. "పెళ్లిలో ఒక్కొక్కడి తలుపూ తీయించి చూపిస్తాను" అన్నాడు.

టంగుటూరు దాటాక బండి రెండుసార్లు దగ్గింది. ముందుకు వంగి చూశాను. పొద్దుట్నించీ అందరి చూపూ ఆ గిన్నె మీదే ఉండబట్టి, పక్కనే వెలుగుతున్న పెట్రోలు పంపు బొమ్మను ఎవరూ పట్టించుకోలేదు. వేలు పెట్టి చూపించాను. బండి రోడ్డు పక్కకు జారి ఆగింది.

మామయ్య దాన్ని కాసేపు పరకాయించి చూసి, కుడి చెయ్యి మోకాలి దగ్గరికి పోనిచ్చి తడిమాడు.

"దీని బటనెక్కడుందిరా?"